కొన్న యంత్రానికి యజమాని ఎవరు?

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మద్దతు ముగిసింది. మడిస్తే పలకలా మారే నా పాత లాప్‌టాప్‌ని పారేయమన్నారు. పారేయలేదు, లినక్స్ ఎక్కించాను. వేకామ్ కలం వెంటనే పనిచేసింది. దాని డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది. తెర మాత్రం తలకిందులుగా తిరిగింది. సెన్సర్ దిశ చెప్పే ఫైల్లో ఒక్క వరుస చేర్చడానికి రెండు రాత్రులు పట్టింది.

"ఎందుకంత అవస్థ?" అన్నాడో మిత్రుడు. ఆ వరుసను సిస్టమ్‌డీ ప్రాజెక్టుకు పంపాను. అది చేరాక ఆ మోడల్ ఉన్నవారెవరికీ ఈ అవస్థ ఉండదు. అందుకు!

పగలంతా లినక్స్ సర్వర్ల మీద జీతాలు సంపాదించే మనం, ఇంట్లో యంత్రం ఆయుష్షును కంపెనీల చేతిలో పెట్టడమేమిటి? లోపాలున్నాయని తిట్టడం సులువు. సరిచేసే చదువు మనకుంది, కోడ్ కళ్లెదుటే ఉంది. ఒక్క శనివారం ఇవ్వలేమా?