డిశ్చార్జి కాగితంలోని చిన్న గుర్తు



ఇంట్లో ఒకరికి లివర్ క్యాన్సర్ అని తెలిసిన రోజున ఆస్పత్రి కాగితాలు చదివే ఓపిక ఎవరికీ ఉండదు. వాటిని పెట్టె అడుగున దాచేస్తాము. అయితే ఆ కాగితాలలో రోగం పేరు పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం, కొన్ని అంకెలు ఉండవచ్చు. అవి ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాలకు ఇచ్చిన గుర్తులు. 2022లో పదకొండవ పట్టిక అమలులోకి వచ్చినా, అనేక చోట్ల పదవ పట్టికే వాడుకలో ఉంది.

దాని ప్రకారం సి 22.0 అంటే కాలేయ కణాలలోనే పుట్టిన క్యాన్సర్. సి 22.1 కాలేయం లోపలి పిత్తనాళాలలో పుట్టినది. సి 78.7 మరొక అవయవంలో పుట్టి కాలేయానికి పాకినది. మూడింటినీ మనం లివర్ క్యాన్సర్ అనే అంటాము. వైద్యం మాత్రం ఒకటి కాదు. పెద్దపేగు నుండి పాకినదానికి పెద్దపేగు క్యాన్సర్ మందులే వాడతారు.

కాబట్టి, "ఇది కాలేయంలోనే పుట్టిందా, వేరే చోటు నుండి వచ్చిందా? దేనిని బట్టి తేల్చారు?" అని డాక్టరుగారిని అడగండి. సిర్రోసిస్ ఉన్నవారిలో ముక్క పరీక్ష లేకుండా స్కానింగుతోనే నిర్ధారించే సందర్భాలున్నాయి, అందుకు కంగారుపడవద్దు.

పక్కన బి 18.1 కూడ ఉంటే, అది దీర్ఘకాలిక హెపటైటిస్ బి. అప్పుడు ఇంటిల్లిపాదీ రక్తపరీక్ష చేయించుకోవాలి. సోకనివారికి టీకా ఉంది.

గుర్తు తప్పనిపిస్తే మీరే దిద్దకండి, డాక్టరుగారిచేత దిద్దించండి. వేరే ఆస్పత్రికి వెళ్లేటప్పుడు స్కానింగు, ముక్క పరీక్ష, డిశ్చార్జి కాగితాలన్నీ ఒకే సంచిలో తీసుకువెళ్లండి. సంఘంలోని చదువుకున్న యౌవనస్థులారా, చదవలేని పెద్దల పక్కన కూర్చుని ఈ కాగితాలు చదివి వినిపించండి.