సర్కారు ఫోనుకు నోరుంది, చెవి లేదు

కడుపుతో ఉన్న తల్లి ఫోనుకు మెసేజ్ పంపితే ఆస్పత్రికి వస్తదట. పట్నంలో ఫ్యాను కింద కూర్చున్న పెద్దమనుషులు చెప్పే మందు ఇది. ఈ మందు వెనక ఒక నింద దాగి ఉంది. మన ఆడవాళ్లు తెలివి లేక ఆస్పత్రికి రావడం లేదని, తెలియక చస్తున్నారని. అన్నలారా, అక్కలారా, ముందు ఆ నిందను కాదందాం.

2009 డిసెంబరులో కేంద్రం తల్లీబిడ్డల పేర్లు కంప్యూటరుకు ఎక్కించే పద్ధతి మొదలుపెట్టింది. పేరు, ఊరు, ఫోను నంబరు రాసుకుని, ఏ నెలలో ఏ పరీక్షో తల్లికీ నర్సమ్మకూ మెసేజ్ పోయేటట్టు ఏర్పాటు. 2016 జనవరిలో కిల్కారి వచ్చింది. నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొక ఫోను, మొత్తం 72. అటువైపు మనిషి ఉండదు, రికార్డు చేసిన గొంతు. సరే, మంచిదే. కాళ్లు వాచి కళ్లు మసకబారితే ఎందుకు పరుగెత్తాలో ప్రతి తల్లికీ తెలియాల్సిందే.

కానీ అది ఎవరి చెవిన పడుతోంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వంద మంది ఆడవాళ్లలో సొంతంగా వాడుకునే ఫోను ఉన్నది 54 మందికి. వాళ్లలో మెసేజ్ చదవగలిగింది నూటికి 71 మంది. లెక్క కట్టండి, వందకు 38 మంది. అదీ పట్నాలు, పై కులాలు అన్నీ కలిపిన లెక్క. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజన స్త్రీలలో చదువొచ్చినవాళ్లు నూటికి 40. చర్ల, దుమ్ముగూడెం గూడేల్లో తల్లి మాట కోయ. మెసేజ్ మాత్రం తెలుగు. 2005 తర్వాత సల్వాజుడుం మంటలకు ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చి మన అడవిలో గుడిసెలేసుకున్న వాళ్ల (గుత్తికోయలని మనం పెట్టిన పేరు) సంగతి వేరే చెప్పాలా?

మన మాల మాదిగ వాడల్లో ఫోను మొగుడి జేబులో ఉంటది. తల్లి ఎనిమిదో నెల కడుపుతో మిరప చేలో ఉంటది. సాయంత్రం బడి నుంచి వచ్చిన బిడ్డ చదివి చెప్తది: అమ్మా, రేపు పరీక్షకు పోవాలంట. రేపటి కూలి ఎవరిస్తారు? 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి 6000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలన్నది. 2017లో కేంద్రం తెచ్చిన మాతృవందన పథకం దాన్ని 5000 చేసి, మొదటి కాన్పుకే అన్నది. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఇస్తామని తర్వాత కలిపింది. చట్టంలో రాసిన ఆ ఆరువేల మాట మెసేజ్‌గా పంపితే చూడాలని ఉంది.

కాన్పు గదిలో "ఏమే" అనే నోరే ఫోనులో "అమ్మా" అంటుంది. ఒకసారి "ఏమే" అనిపించుకున్న మనిషి మళ్లీ ఆ గడప ఎందుకు తొక్కుతది?

జాంజిబార్ దీవిలో 2009-10లో ఇలాంటి పరీక్షే జరిగింది. మెసేజ్‌తో పాటు, తల్లి తిరిగి నర్సుకు ఫోను చేసుకునేందుకు ఉచిత కార్డు ఇచ్చారు. నిపుణుల చేతిలో కాన్పులు మామూలు చోట్ల నూటికి 47 ఉంటే ఇక్కడ 60 అయ్యాయి. అయితే ఆ లాభం పట్నపు ఆడవాళ్లకే దక్కింది, పల్లెల్లో తేడా రాలేదు. దక్షిణాఫ్రికా సర్కారు 2014 ఆగస్టులో మామ్‌కనెక్ట్ పెట్టింది. ఆస్పత్రిలో అవమానం జరిగితే తల్లే తిరిగి మెసేజ్ పెట్టొచ్చు. వాళ్లు ఫోనుకు చెవి పెట్టారు. మన తల్లి చేతిలో అలాంటి ఫోను పెట్టడానికి మనవాళ్లకు భయమెందుకు?

ఇక్కడ ఇంకో చిక్కుంది. 2014లో పోలవరం కోసం మండలాలు చీల్చారు. భద్రాచలం తెలంగాణలో, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రాలో. పురిటి నొప్పికి సరిహద్దు తెలియదు. తాలిపేరు పొంగినా, గోదారి పొంగినా దారి మూసుకుపోతది. కాన్పు తేదీ కంప్యూటరులో ఉన్న సర్కారు, వాగు రాకముందే బండి పంపాలి కదా! "ఆస్పత్రికి రండి" అని రాసేవాడు, ఎట్లా రావాలో కూడా రాయాలి.

కార్యకర్తలు ఈ పక్షంలో ఇల్లిల్లూ తిరగండి. కడుపుతో ఉన్నదెవరు, ఫోను ఎవరి చేతిలో ఉంది, ఏ భాష అర్థమవుతది, బండి ఎందాక వస్తది, నర్సమ్మ చివరిసారి ఎప్పుడొచ్చింది, ఆస్పత్రిలో ఎవరు ఏమన్నారు, అన్నీ రాసుకోండి. ఆ కాగితాలతో తల్లులనే వెంటబెట్టుకుని సోమవారం భద్రాచలం ఐటీడీఏ దర్బారుకు పోదాం. కోయలో మాట్లాడే మనిషి ఎత్తే ఫోను నంబరు ఒకటి అడుగుదాం.