చేతిపనీ – చదువూ

విద్య అనే మాటకు మన పూర్వులు విశాలమైన అర్థం చెప్పుకొన్నారు. శాస్త్రాలతో పాటు వస్త్రాలు నేయడం, రత్నాలను పరీక్షించడం, ఇల్లు కట్టడం, వంట చేయడం వంటి పనులన్నీ అరవైనాలుగు కళల పట్టికలలో చేరాయి. శుక్రనీతిసారం విద్యకూ కళకూ ఒక భేదాన్ని నిర్దేశించింది. వాక్కుతో సాధించేది విద్య అనీ, మూగవాడు సైతం చేయగలిగినది కళ అనీ ఆ గ్రంథం వివరణ. రెండింటినీ ఒకే చోట లెక్కించిన సమాజమే కాలక్రమంలో వాక్కుకు పీట వేసి, చేతిని వాకిట నిలబెట్టింది. పైగా ప్రతి వృత్తినీ పుట్టుకతో ముడిపెట్టింది. మగ్గం ముందు పుట్టినవాడికి గ్రంథం అందలేదు. గ్రంథం ముందు పుట్టినవాడు మగ్గాన్ని తాకలేదు. దీనివల్ల ఇద్దరూ నష్టపోయారు.

ఈ ధోరణిని ప్రశ్నించిన గొంతులు మన సాహిత్యంలో లేకపోలేదు. భారతం అరణ్యపర్వంలో వేదాధ్యయనం చేసిన కౌశికుడు మిథిలానగరానికి వెళ్లి, మాంసం అమ్ముకొని జీవించే ధర్మవ్యాధుని వద్ద ధర్మసూక్ష్మాలు నేర్చుకొన్నాడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో బట్టలుతికే మడివాలు మాచయ్యను మహాభక్తునిగా కీర్తించాడు. పని చేసే మనిషికి జ్ఞానం ఉంటుందనీ, గౌరవం దక్కాలనీ ఈ కథలు చాటుతున్నాయి. నేటి వృత్తివిద్య గురించి ఆలోచించేటప్పుడు వీటిని జ్ఞాపకం చేసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

హైదరాబాదులోని తార్నాక ప్రాంతాన్ని పరిశీలిస్తే చేతిపనికీ చదువుకూ గల సంబంధం కళ్లకు కడుతుంది. తార్నాక కూడలి నుండి ఒక దారి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వెళుతుంది. ఆ దారిలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. హబ్సిగూడ వైపు సాగితే రసాయన సాంకేతిక శాస్త్రానికి, భూభౌతిక శాస్త్రానికి, కణజీవశాస్త్రానికి చెందిన జాతీయ పరిశోధన సంస్థలు కనిపిస్తాయి. మరొక వైపు లాలాగూడలో నిజాం కాలం నుండి రైలు పెట్టెలను బాగుచేస్తున్న వర్క్‌షాపు ఉంది. కొద్ది కిలోమీటర్ల పరిధిలో గ్రంథాలయం, ప్రయోగశాల, కార్ఖానా మూడూ ఉన్నాయి. రసాయన శాస్త్రజ్ఞుని ప్రయోగం గాజును ఊది పరికరంగా మలిచే పనివాని నైపుణ్యం మీద ఆధారపడుతుంది. రైలు ప్రయాణికుని ప్రాణం చక్రాన్ని పరీక్షించే ఫిట్టరు శ్రద్ధ మీద ఆధారపడుతుంది. ఇన్ని విధాల ముడిపడిన ఈ లోకాల మధ్య విద్యార్థులు రాకపోకలు సాగించే దారులు మాత్రం చాలా తక్కువ.

ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనాన్నే ఉదాహరణగా తీసుకొందాం. దాని నిర్మాణానికి ముందు ఇద్దరు ఇంజనీర్లు దేశదేశాల విశ్వవిద్యాలయాలను చూసి వచ్చారు. బెల్జియం దేశీయుడైన ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా రూపొందించాడు. 1939 డిసెంబరు 4న ఆ భవనం ప్రారంభమైంది. వీరి పేర్లు చరిత్రలో నిలిచాయి. కఠినమైన రాతిని చెక్కి ఆ తోరణాలకు రూపమిచ్చిన రాతిపనివారి పేర్లు ఎవరికీ తెలియవు. వారి ఉలి లేకపోతే ఆ నమూనా కాగితం మీదనే ఉండిపోయేది. ఆ భవనంలో చదువుకొనే ప్రతి విద్యార్థీ ఈ సంగతిని ఒకసారి తలచుకోవాలి.

చదువును పనితో కలపాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసదస్సులో గాంధీజీ చేతివృత్తి కేంద్రంగా సాగే ‘నయీ తాలీమ్’ను ప్రతిపాదించారు. 1964–66 నాటి కొఠారి కమిషన్ పాఠశాల విద్యలో పని అనుభవం ఉండాలనీ, మాధ్యమిక విద్యను వృత్తులతో అనుసంధించాలనీ సూచించింది. 1986 జాతీయ విద్యావిధానం ఆ మాటనే నొక్కి చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్యతో పరిచయం కలిగించాలని లక్ష్యం ప్రకటించింది. ఆ పత్రమే ఒక కఠిన సత్యాన్ని కూడా మన ముందుంచింది. పన్నెండవ పంచవర్ష ప్రణాళిక అంచనా ప్రకారం మన దేశంలో 19 నుండి 24 ఏళ్ల వయసు గల శ్రామికులలో క్రమబద్ధమైన వృత్తివిద్య పొందినవారు 5 శాతం కంటే తక్కువ. అదే సంఖ్య అమెరికాలో 52 శాతం, జర్మనీలో 75 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతం. ఇన్ని దశాబ్దాలుగా అందరూ మంచిదని ఒప్పుకొన్న ఆలోచన ఆచరణలో ఎందుకు వెనుకబడింది?

దీనికి మొదటి కారణం మన మనసుల్లోనే ఉంది. ఒకేషనల్ గ్రూపు ఎందుకు తీసుకున్నావని అడిగితే, “మార్కులు తక్కువ వచ్చాయండీ” అని తలవంచుకొని చెప్పే విద్యార్థులను అధ్యాపకులమైన మేము తరచు చూస్తుంటాం. ఇష్టంతో చేరిన పిల్లవాడు సైతం సంజాయిషీ చెప్పుకోవలసి రావడం విచారకరం. మరొక వైపు, పట్టా ఉంటే చాలునన్న నమ్మకం బలపడింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బోధన రుసుముల చెల్లింపు పథకం వచ్చిన తరువాత ఎన్నో పేద కుటుంబాల పిల్లలు తొలిసారిగా ఇంజనీరింగు గడప తొక్కారు. ఇది నిస్సందేహంగా గొప్ప మేలు. కాని అదే ఊపులో కళాశాలల సంఖ్య ఏడువందల వరకు పెరిగింది. ప్రయోగశాల, అధ్యాపకుడు సరిగా లేని చోట కూడా పట్టాలు లభించాయి. తరువాతి కాలంలో అనేక కళాశాలలు మూతబడ్డాయి. పట్టా పుచ్చుకొన్నవారిలో చాలామంది మళ్లీ పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకొని పఠన మందిరాలకు చేరారు.

అయితే విశ్వవిద్యాలయాలన్నీ ఉద్యోగ శిక్షణ కేంద్రాలుగా మారిపోవాలనే వాదాన్ని కూడా నేను అంగీకరించలేను. ఈనాడు గిరాకీ ఉన్న నైపుణ్యం పదేళ్ల తరువాత ఉండకపోవచ్చు. అచ్చు అక్షరాలు పేర్చిన కంపోజిటర్ల పనిని కంప్యూటరు ఎలా తొలగించిందో మనం చూశాం. ఒక్క యంత్రాన్ని నడపడం మాత్రమే నేర్చినవాడు ఆ యంత్రంతో పాటే మూలపడతాడు. భాష, గణితం, చరిత్ర, తర్కం తెలిసినవాడు కొత్త పనిని నేర్చుకోగలడు, అన్యాయం జరిగితే ప్రశ్నించగలడు. పేదవాని బిడ్డకు పని మాత్రం నేర్పి, ధనికుని బిడ్డకు ఆలోచన నేర్పితే పాత కులవృత్తుల విభజనే కొత్త పేరుతో తిరిగి వస్తుంది. వృత్తివిద్య విషయంలో మనం అన్నిటికంటే ఎక్కువగా జాగ్రత్త పడవలసింది ఇక్కడనే.

కనుక వృత్తివిద్యకు పై మెట్లు ఉండాలి. పాలిటెక్నిక్ పూర్తి చేసినవారు ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరే సౌకర్యం ఉంది. ఇంటర్‌లో వృత్తివిద్య చదివినవారికి బ్రిడ్జి కోర్సు ఉంది. ఇటువంటి వంతెనలు మరింత వెడల్పు కావాలి. రెండవది, శిక్షణ నిజమైన పనిచోట జరగాలి. జర్మనీలో విద్యార్థి వారంలో కొన్ని రోజులు సంస్థలో భృతి పొందుతూ పని నేర్చుకొంటాడు, మిగిలిన రోజులు వృత్తి పాఠశాలలో చదువుతాడు. మనకూ 1961 నుండి అప్రెంటిస్ చట్టం ఉంది. దాని ఫలం ఎక్కువమందికి అందాలి. 2024లో తెలంగాణ ప్రభుత్వం 65 ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీస్ సహకారంతో అధునాతన శిక్షణ కేంద్రాలుగా తీర్చే పని చేపట్టింది. అదే ఏడాది నైపుణ్య విశ్వవిద్యాలయానికి చట్టం చేసింది. యంత్రాలతో పాటు మంచి గురువులు కూడా అక్కడికి చేరినప్పుడే ఈ ప్రయత్నాలు ఫలిస్తాయి.

మూడవది భాష. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఆధునిక శాస్త్రాలను బోధించింది. అందుకోసం ప్రత్యేకంగా అనువాద సంస్థను నెలకొల్పి వందల గ్రంథాలను సిద్ధం చేయించింది. ఆ భాష ఇక్కడి ప్రజలలో అధికసంఖ్యాకుల మాతృభాష కాదన్న విమర్శలో న్యాయముంది. కాని దేశభాష శాస్త్రాన్ని మోయగలదన్న సంగతిని ఆ ప్రయత్నం నిరూపించింది. తెలుగులో పాఠ్యగ్రంథాల కోసం 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. పల్లె నుండి వచ్చిన విద్యార్థి విద్యుత్తు మోటారు పనిచేసే తీరును ముందు తెలుగులో గ్రహిస్తే, ఆంగ్ల పరిభాషను తరువాత సులభంగా నేర్చుకొంటాడు. భాష అర్థం కాక చదువు మానిన వారిని మందబుద్ధులనడం న్యాయం కాదు.

చివరిది గౌరవం. అది ఉపన్యాసాల వల్ల రాదు. పనికి తగిన వేతనం, ప్రమాదం జరిగితే రక్షణ, వృద్ధాప్యంలో ఆసరా కల్పించినప్పుడే తల్లిదండ్రులు తమ బిడ్డను ధైర్యంగా ఐ.టి.ఐ.కి పంపుతారు.

విద్యార్థులారా! త్వరలో మీరు ఒక దారిని ఎంచుకోబోతున్నారు. ఇరుగుపొరుగువారి మెప్పు కోసం కాకుండా, మీ అభిరుచినీ శక్తినీ తూచి నిర్ణయించుకోండి. కలం పట్టినవారు ఏదో ఒక పనిని చేతులారా నేర్చుకోండి. పనిముట్టు పట్టినవారు పుస్తకాన్ని విడిచిపెట్టకండి. మీలో ఎవరు ఏ వృత్తిలో స్థిరపడినా, పక్కవాని పనిని చిన్నచూపు చూడకండి. మన సమాజం ఇంతకాలం విడదీసిన చేతినీ బుద్ధినీ కలిపే బాధ్యత మీ తరం మీద ఉంది.