మోటారు తలుపుకైనా చేతి పిడి ఉండాలి

ఎక్స్‌రే గది తలుపు ఎందుకంత బరువని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. కిరణాలు బయటికి రాకుండా అందులో సీసపు రేకు వేస్తారు. 2 మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరుకు సుమారు 23 కిలోలు తూగుతుంది. స్ట్రెచర్ పట్టే తలుపులో సీసమే దాదాపు 70 కిలోలు. అందుకే దాన్ని చక్రాలపై పక్కకు జరిగేలా అమర్చి, కొన్నిచోట్ల మోటారు పెడతారు.

మరి కరెంటు పోతే? ఒకసారి రోగి లోపల ఉండగా తలుపు ఆగిపోయింది. తిప్పే పిడి స్టోరు గదిలో ఉంది, ఆ తాళంచెవి ఇంటికెళ్ళిన ఉద్యోగి దగ్గర ఉంది. నలుగురం నెట్టినా జానెడే కదిలింది. కరెంటు వచ్చేదాకా ఆ సందులోంచే రోగికి ధైర్యం చెప్పాము.

పిడి వెనుక ఉన్నది పళ్ళ చక్రాలే. చిన్న చక్రానికి 10 పళ్ళు, పెద్దదానికి 40 ఉంటే సుమారు నాలుగో వంతు బలం చాలు. అయితే నాలుగు రెట్లు ఎక్కువ తిప్పాలి. నెమ్మదిగానైనా ఒక్క ఆయమ్మే తలుపు తెరవగలదు.

జనరేటర్ ఉంది కదా అంటారు. అదీ యంత్రమే, మొరాయించవచ్చు. కాబట్టి పిడి తలుపు పక్కనే, తాళం లేకుండా ఉండాలి. రాత్రి డ్యూటీవారు కూడా నెలకోసారి తిప్పి చూడాలి. పట్టాలోని దుమ్ము తుడవాలి.

మీ అపార్టుమెంటు గేటుకూ ఇదే మాట. పిడి ఎక్కడుందో ఈరోజే వాచ్‌మన్‌ను అడగండి. నడుము వంచి లాగకండి, దగ్గరగా నిలబడి కాళ్ళ బలంతో నెట్టండి.