ఇక సర్క్యులర్లు రావు.. మీ లక్ష్యం మీరే రాసుకోండి!

మా నాన్న బ్యాంకు ఉద్యోగి. వచ్చే ఏడాది ఏప్రిల్ 30న రిటైర్ అవుతున్నారు. ఈ సంక్రాంతికి ఇంటికెళ్తే డైనింగ్ టేబుల్ మీద ఓ తెల్లకాగితం కనిపించింది. పీఎఫ్ ఎంత వస్తుంది, గ్రాట్యుటీ ఎంత, నెలకి పెన్షన్ ఎంత, చెల్లి పెళ్లికి ఎంత పక్కన పెట్టాలి.. అన్నీ రూపాయితో సహా వేసి ఉన్నాయి. మూడున్నర దశాబ్దాలు బ్యాంకు కౌంటర్లో కూర్చున్న మనిషి కదా, లెక్క తప్పదు.

"డబ్బు లెక్క బాగుంది నాన్నా. మరి మే 1న పొద్దున పదింటికి ఏం చేస్తారు?" అని ఊరికే అడిగా.

"మేడే కదరా, సెలవు" అని నవ్వారు.

"మరి 2వ తేదీన?"

నాన్న నవ్వు ఆగిపోయింది. కాసేపటికి ఓ సంగతి చెప్పారు. వాళ్ల బ్రాంచ్‌లో మూడేళ్ల క్రితం రిటైరైన హెడ్ క్యాషియర్ ఒకాయన ఉన్నారట. రోజూ పదిన్నరకి బ్రాంచ్‌కి వస్తారు. పాస్‌బుక్ ప్రింట్ చేయించుకోవాలంటారు. నిన్న చేయించుకున్నదే, అందులో కొత్త ఎంట్రీ ఒక్కటీ ఉండదు. ఫ్యాను కింద కూర్చుని పేపర్ చదివి, మధ్యాహ్నానికి వెళ్లిపోతారు. "మంచాయన. కానీ ఆయన్ని చూస్తే నాకు భయమేస్తోందిరా" అన్నారు నాన్న.

ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల వాళ్లకి ఈ రిటైర్మెంట్ గోల ఎందుకు అనుకుంటున్నారా? ఎందుకంటే నాకు ఆ భయం కొత్తగా అనిపించలేదు. ఇరవై మూడేళ్లకే నేను దాన్ని చూసేశాను.

ఆఫర్ లెటర్ తర్వాత ఖాళీ

మనలో చాలామంది లైఫ్ ప్లాన్ ఒకేలా ఉంటుంది. టెన్త్‌లో మంచి మార్కులు, ఇంటర్లో ఎంపీసీ, ఈఏపీసెట్ ర్యాంకు, బీటెక్ సీటు, క్యాంపస్ ప్లేస్‌మెంట్. ప్రతి మెట్టు దగ్గరా తర్వాతి మెట్టు ఏంటో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అమ్మానాన్న, లెక్చరర్లు, పక్కింటి అంకుల్.. ఎవరో ఒకరు. మనం ఎక్కుతూ పోతాం, అంతే.

నాకూ ఫైనలియర్లో జాబ్ వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచారు. ఏడాది తిరిగేసరికి సపోర్ట్ ప్రాజెక్టులో టికెట్లు క్లోజ్ చేస్తూ, వీకెండ్ కోసం ఎదురుచూస్తూ ఉన్నా. ఇంకో ఏడాదికి ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీద కూర్చున్నా. రోజూ ఆఫీసుకెళ్లడం, కాఫీ తాగడం, ఏమీ చేయకుండా తిరిగి రావడం. బెంచ్ మీద ఉన్నప్పుడు నాకు అర్థమైన అసలు విషయం ఏంటంటే, కంపెనీ పని ఇవ్వకపోతే నేర్చుకోవడానికి నాకంటూ ఏమీ లేదు. నా లక్ష్యం పేరు 'జాబ్'. అది వచ్చేసింది. అంటే నా లక్ష్యం అప్పటికే అయిపోయింది.

ఆ పాస్‌బుక్ పెద్దాయనకీ నాకూ తేడా ఏముంది? ఆయన అరవైకి రిటైరయ్యారు. నేను ఇరవై మూడుకే అయ్యాను. అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా: ఉద్యోగం రావడం ఒక స్టాప్ మాత్రమే, లక్ష్యం కాదు. లక్ష్యాన్ని ఎప్పటికప్పుడు మార్చి రాసుకునే అలవాటు ఇప్పుడే చేసుకోకపోతే, అరవయ్యో ఏట అది హఠాత్తుగా రాదు.

ఒకే ఉద్యోగం.. నాలుగు అవతారాలు

"నేను క్లర్క్‌గా చేరి ఒకటే పని చేశాన్రా" అంటారు నాన్న. నిజానికి ఆయన ఒకటే పని చేయలేదు. 1989లో చేరినప్పుడు పెద్ద పెద్ద లెడ్జర్లు. వడ్డీ చేత్తో లెక్కకట్టాలి. బ్యాలెన్స్ టాలీ కాకపోతే రాత్రి దాకా ఇంటికి రావడం ఉండదు. తర్వాత బ్రాంచ్‌లోకి కంప్యూటర్లు వచ్చాయి. మౌస్ పట్టుకోవడానికే భయపడ్డానని ఇప్పటికీ చెబుతారు. ఆ తర్వాత కోర్ బ్యాంకింగ్ వచ్చి, ఖాతా ఒక బ్రాంచ్‌ది కాకుండా మొత్తం బ్యాంకుది అయిపోయింది. 2016లో యూపీఐ మొదలైంది. అదే ఏడాది నవంబరులో నోట్ల రద్దు. అప్పటికి నాన్నకి యాభై ఏళ్లు.

బయటి నుంచి చూస్తే ఒకే ఉద్యోగం. లోపల చూస్తే నాలుగు వేర్వేరు ఉద్యోగాలు. ప్రతిసారీ ఆయన మొదటి నుంచి నేర్చుకున్నారు. అయితే ఒక చిక్కుంది. ప్రతిసారీ పైనుంచి సర్క్యులర్ వచ్చింది కాబట్టే నేర్చుకున్నారు. ట్రైనింగ్‌కి రమ్మంటే వెళ్లారు, పరీక్ష రాయమంటే రాశారు. మే 1 నుంచి ఏ సర్క్యులరూ రాదు. ఆయన భయం అక్కడుంది.

మీకు ఇప్పటిదాకా సర్క్యులర్ అంటే సిలబస్. ఆఖరి సెమిస్టర్‌తో అదీ ఆగిపోతుంది. మీరు చేరబోయే ఉద్యోగం కూడా మీ కెరియర్‌లో కొన్నిసార్లు పూర్తిగా మారిపోతుంది. ఏఐ వచ్చాక ఈ మాట విడిగా చెప్పక్కర్లేదు. ప్రతి మార్పుకీ కంపెనీ ట్రైనింగ్ ఇస్తుందని నమ్మి కూర్చోవడం మాత్రం రిస్కే.

ఉద్యోగం రాక మొదలైన కథ

డేటా సైన్స్, మెషీన్ లెర్నింగ్ వైపు వెళ్లేవాళ్లకి క్రామర్-రావ్ బౌండ్ అనే మాట ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఆ రావ్ మన సి.ఆర్.రావు. 1920లో హడగళిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మ్యాథ్స్ ఎంఏ చేసి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆర్మీ సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి, 1941లో శిక్షణకు చేరారు. 1945లో, అంటే పాతికేళ్ల వయసులో, ఇప్పటికీ ప్రపంచమంతా చదువుకునే పరిశోధనా పత్రం రాశారు.

నాకు ఇంకా ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాతి భాగం. అదే సంస్థలో దాదాపు నలభై ఏళ్లు పనిచేసి, అరవైకి దగ్గరపడ్డాక ఆయన అమెరికా వెళ్లారు. అక్కడ పిట్స్‌బర్గ్‌లో, తర్వాత పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు, పరిశోధన చేశారు. 2023లో 102 ఏళ్ల వయసులో స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. మన లెక్కల ప్రకారం ఆయన 'రిటైరయ్యాక' నలభై ఏళ్లకు పైగా బతికారు. చాలామంది కెరియర్ మొత్తం కంటే అది పెద్దది.

మీ ఫోన్లోని లిథియం అయాన్ బ్యాటరీ వెనక కూడా ఇలాంటి మనిషే ఉన్నారు. జాన్ గుడినఫ్ ఆ బ్యాటరీకి కీలకమైన ఆవిష్కరణ చేసిన 1980 నాటికి ఆయనకి యాభై ఏడేళ్లు పైనే. 2019లో 97వ ఏట నోబెల్ తీసుకున్నారు.

"వాళ్లు జీనియస్‌లు బ్రో, మనకేం సంబంధం?" అంటారా? కరెక్టే. అవార్డులు మనకు రాకపోవచ్చు. కానీ వాళ్ల దగ్గర మనం తీసుకోగలిగింది ఒకటుంది. ఒక లక్ష్యం చేతికందగానే, లేదా చేజారగానే, తర్వాతి ప్రశ్న వేసుకోవడం. దానికి జీనియస్ కానక్కర్లేదు.

మెదడుకి గ్యారంటీ లేదు, కానీ..

మెదడుని చురుగ్గా ఉంచడం అనగానే సుడోకు, క్రాస్‌వర్డ్, బ్రెయిన్ గేమ్ యాప్‌లు గుర్తొస్తాయి. అవి తప్పు కాదు. కాకపోతే సుడోకు ఎక్కువగా చేస్తే ప్రధానంగా సుడోకులోనే బాగుపడతాం. లండన్ ట్యాక్సీ డ్రైవర్ల మీద 2000లో వచ్చిన అధ్యయనం ప్రసిద్ధమైంది. వేల వీధులు గుర్తుపెట్టుకుని నగరమంతా తిరిగే ఆ డ్రైవర్ల మెదడులో, దారుల జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోక్యాంపస్ వెనక భాగం మిగతావాళ్ల కంటే పెద్దగా ఉందని తేలింది. అంటే పెద్దయ్యాక కూడా మెదడు మనం చేసే పనిని బట్టి మారగలదన్నమాట.

మతిమరుపు వ్యాధి మీద లాన్సెట్ కమిషన్ 2024లో ఇచ్చిన నివేదికలో, మనం మార్చుకోగలిగిన ముప్పు కారణాలు 14 చెప్పింది. వాటిలో చిన్నప్పుడు చదువు తక్కువ కావడం, వినికిడి తగ్గడం, బీపీ, షుగర్, వ్యాయామం లేకపోవడం, ఒంటరితనం ఉన్నాయి. ఇవన్నీ సరిచేసుకుంటే ఏ జబ్బూ రాదని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. కానీ ఒక్కటి గమనించండి. ఆ జాబితాలోని విషయాలన్నీ అరవై దాటాకే మొదలయ్యేవి కావు. కొన్ని మీ వయసులోనే మొదలవుతాయి.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. రిటైర్మెంట్ అనేదే లేని వాళ్లు మన ఇళ్లలో బోలెడుమంది. మా బాబాయ్ కౌలు రైతు. ఆయనకి గ్రాట్యుటీ ఉండదు, ఏప్రిల్ 30 ఉండదు. 'ఖాళీగా ఏం చేయాలి' అనే ప్రశ్న కూడా కొందరికి దొరికే సౌకర్యమే. అలాగే, జీవితమంతా కష్టపడ్డ మనిషి హాయిగా నిద్రపోవాలనుకుంటే అది ఆయన హక్కు. అరవై దాటినా 'ప్రొడక్టివ్'గా ఉండి తీరాలని నేను అనడం లేదు. విశ్రాంతి మనం ఎంచుకున్నదైతే మంచిదే. ఏం చేయాలో తోచక మిగిలిపోయిన ఖాళీ విశ్రాంతి కాదు.

నాన్న నోట్‌బుక్

సంక్రాంతి సెలవులు అయ్యేలోపు నాన్నా నేనూ ఓ ఒప్పందం చేసుకున్నాం. ఇద్దరం చెరో నోట్‌బుక్ కొన్నాం. అందులో రాయాల్సింది మూడే లైన్లు. వచ్చే మూడు నెలల్లో ఏం నేర్చుకుంటాను? ఎవరికి ఉపయోగపడతాను? ఈ పేజీ మళ్లీ ఏ తేదీన తెరుస్తాను? మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆ తేదీ వచ్చాక పాత లక్ష్యాన్ని ఉంచొచ్చు, మార్చొచ్చు, కొట్టేయొచ్చు. కొట్టేస్తే ఓడిపోయినట్టు కాదు.

నాన్న మొదటి పేజీలో 'తబలా' అని రాశారు. కాలేజీ రోజుల్లో వాయించేవారట. నెలన్నర క్లాసులకెళ్లారు. వేళ్లు మాట వినలేదు, మోకాళ్ల నొప్పికి కింద కూర్చోలేకపోయారు. ఏప్రిల్‌లో పేజీ తెరిచి, కొట్టేశారు. కొంచెం బాధపడ్డారు కూడా.

రెండో పేజీలో, మా వీధిలో బ్యాంకు పరీక్షలకి ప్రిపేరయ్యే పిల్లలకి ఆదివారాలు లెక్కలు చెబుతానని రాశారు. తన రోజుల్లో బీఎస్ఆర్‌బీ పరీక్ష రాసి ఉద్యోగం కొట్టానన్న ధీమాతో దిగారు. నలుగురు వచ్చారు. వాళ్లిచ్చిన క్లర్క్ ప్రిలిమ్స్ మాక్ టెస్ట్ చూసి నాన్నకి కళ్లు తిరిగాయి. గంటలో వంద ప్రశ్నలు. తనే టైమర్ పెట్టుకుని కూర్చుంటే సగం కూడా అవలేదు. వడ్డీ లెక్కల్లో పిల్లల కంటే ఫాస్ట్. సీటింగ్ అరేంజ్‌మెంట్ పజిల్స్‌లో మాత్రం చిత్తు.

ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసి అడిగేది పెన్షన్ గురించి కాదు. "ఎనిమిది మంది రౌండ్ టేబుల్ చుట్టూ కూర్చున్నారు, ముగ్గురు బయటికి చూస్తున్నారు.. ఇది ఎలా చెయ్యాల్రా?" అని. ఆ నలుగురిలో ఒకమ్మాయి ఆయనకి షార్ట్‌కట్‌లు నేర్పుతోందట. ఆమెకి ఆయన ఇంటర్వ్యూల కోసం బ్రాంచ్ బ్యాంకింగ్ నేర్పుతున్నారు. ఎవరు గురువో, ఎవరు శిష్యులో తెలీడం లేదు. రిటైరయ్యాక ఈ ఉత్సాహం ఇలాగే ఉంటుందా? నాకు తెలీదు. మే 2 వచ్చాక చూడాలి. కానీ ఆ రోజు తెరవడానికి ఆయన దగ్గర ఒక పేజీ అయితే ఉంది.

మీరేం చేయొచ్చు?

ఉద్యోగ ప్రయత్నాల మధ్యలో ఉన్న మీకు నేను కొత్త భారం ఏమీ పెట్టను. ఒక నోట్‌బుక్, మూడు లైన్లు, ఒక తేదీ. ఆఫర్ రాకముందే, వచ్చిన తర్వాత ఏం నేర్చుకుంటారో ఒక లైన్ రాసుకోండి. రాకపోతే ఏం చేస్తారో ఇంకో లైన్. ఎన్‌పీటెల్, స్వయం లాంటి చోట్ల ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా దొరుకుతున్నాయి. పాఠాలకి కొదవ లేదు. 'నాకు ఇది కావాలి' అని రాసుకోవడమే మిగిలింది. అవసరానికి చదివేది ఒకటి ఉన్నట్టే, ఉద్యోగంతో సంబంధం లేకుండా నేర్చుకునేది కూడా ఒకటి పెట్టుకోండి. ఎందులోనైనా మొదటి రోజు స్టూడెంట్‌లా ఉండటం మర్చిపోకూడదు.

చివరిగా ఒక చిన్న హోంవర్క్. మీ ఇంట్లోనో, వీధిలోనో త్వరలో రిటైరయ్యే వాళ్లు ఉంటారు. ఈ ఆదివారం వాళ్లని రెండు ప్రశ్నలు అడగండి. మీ ఉద్యోగం ఎన్నిసార్లు మారింది? రిటైరైన మర్నాడు పదింటికి ఏం చేస్తారు? మొదటి ప్రశ్నకి వచ్చే జవాబు మీ కెరియర్‌కి పనికొస్తుంది. రెండో ప్రశ్నకి వాళ్లు మౌనంగా ఉండిపోతే, పక్కన కూర్చుని ఓ నోట్‌బుక్ తెరవండి. మీది కూడా తీసుకెళ్లండి.