పాటయు ముద్రయు

గతమాసమున ఈ పుటలో శ్రుతిపెట్టెను గూర్చి నాలుగు మాటలు వ్రాసితిమి. దానిని చదివిన పాఠకురాండ్రు కొందఱు "మీరు పాటలు కట్టుట యెప్పుడు, అన్నము వండుట యెప్పుడు?" అని అడిగిరి. ఈ ప్రశ్నలో కొంత హాస్యమును, కొంత జాలియు నున్నవి. రెంటిని వందనపూర్వకముగా స్వీకరించి, ఈ నెల మా దినచర్యను కొంత చెప్పి, దాని వెంటనే పదునైదు దినములు మాకు నిద్రలేకుండ చేసిన యొక కాగితపు సంగతిని గూడ మీ ముందుంచెదము.

తెల్లవారుజామున నాలుగున్నరకు లేచెదము. ఇంటిలోనివారు లేచులోపల ఒక గంటసేపు మంద్రస్థాయిలో సాధన. మా శ్రుతి ఐదు; అనగా హార్మోనియముమీద ఐదవ తెల్లమెట్టు. ఆ షడ్జమమును పలుకునప్పుడు కంఠములోని స్వరతంత్రులు సెకండునకు సుమారు 196 మాఱులు కంపించును. పై షడ్జమమునకు దానికి రెట్టింపు. ఇంత పని చేయు ఆ తంత్రుల పొడవు బొటనవ్రేలి గోరంతకు మించదు. కావున మా గురువుగారు మాకు పెట్టిన మొదటి నియమము, వంటయింటినుండి మేడమీదివారిని కేకవేసి పిలువరాదని. మా యింటికి మేడ లేదు. నియమము సులభముగానే సాగినది. గొంతు అలసినప్పుడు గుసగుసగా మాటలాడుట విశ్రాంతి యని పలువుర నమ్మకము. అది సరి కాదు. దానివలనను గొంతు శ్రమపడును. మౌనమే విశ్రాంతి. అట్లే, త్రాగిన నీరు సూటిగా స్వరతంత్రులను తడుపునని తలంతురు. నీరు పోవు దారి వేఱు, గాలి పోవు దారి వేఱు. శరీరమంతయు తడిసిన పిమ్మటనే తంత్రులకు ఆ తడి యందును. కచేరీ వేదికమీద గ్రుక్కెడు నీరు త్రాగుట కంటె, ప్రొద్దుటినుండి కొంచెము కొంచెముగా త్రాగుట మేలు.

ఇక పాట యెప్పుడు వచ్చును? కూర్చుండి పిలిచినప్పుడు అరుదుగా వచ్చును. బియ్యము కడుగునప్పుడు, బట్టలు ఆరవేయునప్పుడు, బస్సు కొఱకు నిలిచినప్పుడు వచ్చును. మన శాస్త్రమున మాటను మాతువనియు, మట్టును ధాతువనియు నందురు. రెంటిని తానే కూర్చువాడు వాగ్గేయకారుడు. మాతువు, ధాతువు కవలపిల్లలవలె కలిసి పుట్టిన దినమున మాకు పండుగ. సాధారణముగా ఒకటి ముందు వచ్చి, రెండవదాని కొఱకు గుమ్మములో కూర్చుండును.

మన తెలుగుమాటలు అచ్చులతో ముగియుట గాయకులకు వరము. ఎంతసేపైనను స్వరమును సాగదీయవచ్చును. ఐనను అందులోనే ఒక చిక్కు గలదు. "కల" అను మాటలో తొలియక్షరమును దీర్ఘస్వరముపై నిలిపినచో వినువారికి అది "కాల" మగును. ఈ నెల కట్టిన పాటలో మాకు సరిగా ఇదే తటస్థించినది. కలను తీసి స్వప్నమును పెట్టితిమి. అది చెప్పులతో పూజగదిలోనికి వచ్చిన పెద్దమనిషివలె నుండెను. మూడు దినములు పెనగులాడి, తుదకు మాటను విడువక మట్టునే మార్చితిమి. ఆ మార్పు తోచినప్పుడు పొయ్యిమీద చారు పొంగుచుండెను. ఫోనులో మేము పాడి దాచుకొన్న పల్లవిలో చారు పొంగిన చప్పుడును, "అమ్మా, చారు!" అన్న మా అమ్మాయి కేకయు నిప్పటికిని వినబడును.

పాట కట్టుట ఒక యెత్తు, పాటతో బ్రదుకుట మఱియొక యెత్తు. మా రాబడి మూడు కాలువలనుండి వచ్చును: పిల్లలకు పాఠములు, కచేరీలు, శుభకార్యములు. ఇందు మూడవది చిత్రమైనది. పెండ్లియింట పందిరివారికి ధర ముందే నిర్ణయింతురు. వంటవారికి బయానా యిత్తురు. ఫోటోలవారికి కాగితము వ్రాసి యిత్తురు. గాయని దగ్గఱకు వచ్చునప్పటికి మాత్రము సంగీతము సరస్వతీప్రసాద మనియు, దానికి వెల కట్టరాదనియు అందఱకు జ్ఞాపకము వచ్చును. మొన్న ఒక యిల్లాలు "అమ్మా, మీరు మా ఇంటి మనిషిలాంటివారు. డబ్బు మాట ఎందుకండీ?" అన్నది. "మేము ఇంటి మనిషినే అనుకోండి అమ్మా. తబలా వాయించే అబ్బాయికి మాత్రం ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు" అంటిమి. ఆమె నవ్వి, లోపలికి పోయి, ఇద్దఱకును సరిపోవునట్లు కవరు తెచ్చి యిచ్చెను. ఆమె చెడ్డది కాదు; పాట పాడుట పని యని ఆమెకు ఎవ్వరును చెప్పలేదు, అంతియే.

ఇక కాగితపు సంగతి. ఇరువది యేండ్ల క్రిందట మా అమ్మాయి ఉయ్యాలలో నున్నప్పుడు ఒక జోలపాట కట్టితిమి. తరువాత దానిని పేరంటములందును, సభలందును పాడితిమి, అడిగినవారికి నేర్పితిమి. మేము కట్టినవానిలో జనులు తమంత తాముగా మోసికొనిపోయిన పాట అదియొక్కటే. ఈ నెల మొదట పాటలను ప్రచారము చేయు ఒక సంస్థవారు ఆ పాటను కోరుచు కాగితము పంపిరి. వారు ఇచ్చెదమన్న సొమ్ము మాకు తక్కువది కాదు. అమ్మాయి చదువునకు కట్టవలసిన రుసుము దానితో తీరును. బుఱ్ఱ పగిలిన తంబురాను బాగుచేయించుకొనవచ్చును. కాని కాగితములో పాటమీది సమస్తహక్కులును, ప్రపంచమంతటను, శాశ్వతముగా వారివే యని యుండెను. రచయిత్రి పేరు వేయుదురో వేయరో ఒక్క ముక్కయు లేదు.

మా వారు "నీ ఇష్టం" అనిరి. ఈ రెండుమాటలంత బరువైనవి సంసారములో మఱి లేవు. మా అత్తగారు "పిల్ల పాటను అమ్ముతావా తల్లీ?" అని యడిగిరి. ఆ పిల్ల మాత్రము "నా ఫీజు కోసమే అయితే వద్దమ్మా" అని పుస్తకము ముందు తల వంచుకొనెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మఱునాడు తెలిసిన వకీలు నొకరిని కలిసి చట్టమును తెలిసికొంటిమి. పాటలు, కథలు, వంటల పుస్తకములు వ్రాయు సోదరీమణులకు ఉపయోగపడునని ఇచట చెప్పుచున్నాము. మన దేశమున గ్రంథస్వామ్యమునకు 1957వ సంవత్సరపు చట్టము ఆధారము. దాని ప్రకారము పాటలోని మాటలు ఒక కృతి, మట్టు వేఱొక కృతి. పాడినవారికి ఉండు హక్కు మూడవది. తానే వ్రాసి, తానే మట్టు కట్టి, తానే పాడిన స్త్రీ చేతిలో మూడు తాళపుచెవులున్నవి. రచన పుట్టగనే హక్కు పుట్టును; దానికై రిజిస్టరు చేయింపవలయునన్న నిర్బంధము లేదు. మాటలమీదను, మట్టుమీదను ఆ హక్కు కర్త జీవించినంతకాలమును, ఆ పిమ్మట 60 సంవత్సరములును నిలుచును. హక్కును ఇతరుల కిచ్చుట వ్రాతమూలముననే జరుగవలయును. ఆ వ్రాతలో కాలము చెప్పనియెడల ఐదు సంవత్సరము లనియు, దేశము చెప్పనియెడల భారతదేశము వఱకే యనియు చట్టము అర్థము చెప్పును. 2012లో జరిగిన సవరణవలన, పాటను ఒకరికి వ్రాసియిచ్చిన పిమ్మటను దాని వాడుకవలన వచ్చు రాయల్టీలో సమానభాగము అడుగు హక్కు కర్తకు మిగిలియుండును. అన్నింటికంటె ముఖ్యముగా, హక్కు లన్నియు ఇచ్చివేసిన పిమ్మటను "ఇది నా రచన" అని చెప్పుకొను హక్కు కర్తను విడువదు.

"అట్లయినచో సంతకము పెట్టినను పేరు పోదు గదా!" యని మీ రనవచ్చును. నిజమే. కాని చట్టములోని హక్కును కోర్టులో నిలుపుకొనుటకు ధనము కావలయును. తంబురా బాగుచేయించుకొన లేనివారము కోర్టుమెట్లు ఎక్కగలమా? కావున చట్టములో నున్నదైనను కాగితములో గూడ వ్రాయించుకొనవలెనని నిశ్చయించితిమి.

పేరునకై ఇంత పట్టుదల యేల యని మమ్ము మేమే ప్రశ్నించుకొంటిమి. మన పెద్దలు అహంకారులు కారు. ఐనను వారి పాటలలో ముద్ర యుండును. త్యాగరాజస్వామి ఉంఛవృత్తితో, అనగా వీధులలో పాడుచు బియ్యము స్వీకరించి, జీవించినవాడు. ఆయన కృతులలో తన పేరు నిలిపినాడు. క్షేత్రయ్య మువ్వగోపాలుని, అన్నమయ్య వేంకటేశ్వరుని ముద్రగా పెట్టిరి. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి యుండుటచేతనే గదా వేలకొలది నేటికి దక్కినవి! తరిగొండ వెంగమాంబ పసితనముననే భర్తను కోల్పోయి, లోకుల మాటలు పడి, తిరుమల చేరిన స్త్రీ. 1817లో ఆమె కాలము చేసినను, ఏకాంతసేవలో ఆమె పేరిట హారతి నేటికిని జరుగుచున్నది. "తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి" యను నానుడి మీరు వినియే యుందురు. 1902లో గౌహర్ జాన్ గ్రామఫోనునకు పాడినప్పుడు పాట చివర తన పేరు తానే పలికెను. ఆ పళ్లెరములు తయారగునది దూరదేశమగు జర్మనీలో. అచటివారికి ఎవరి పాటయో తెలియవలయును గదా!

వీరి పాటలకు ముద్ర గలదు. మన అమ్మమ్మలు కట్టిన జోలలకు, మంగళహారతులకు, అప్పగింతల పాటలకు ముద్ర యేది? ఎందఱు స్త్రీలు తిరుగలిముందు కూర్చుండి చక్కని చరణములు కూర్చిరో, వానిలో ఒక్కరి పేరైనను మనకు తెలియదు. "స్త్రీల పాటలు" అని ఒక్క మూటగా కట్టి యుంచితిమి. మా పేరు ఆ మూటలో పడిపోయినను లోకమునకు నష్టము లేదు. కాని పేరు పోవుట వేఱు, పేరు కొట్టివేసి మఱియొకరు సొమ్ము చేసికొనుట వేఱు.

ఇట్లు తలపోసి, కాగితములో రెండు పంక్తులు దిద్ది పంపితిమి: కాలము ఐదు సంవత్సరములు, పాట వినిపించుచోట నెల్ల రచయిత్రి పేరు. వారమునకు ప్రత్యుత్తరము వచ్చెను. అట్టి మార్పులు తమ పద్ధతి కాదనియు, వేఱు పాట చూచుకొనెద మనియు మర్యాదగానే వ్రాసిరి. ఆ సొమ్ము పోయినది. పోయినప్పుడు గర్వము కలుగలేదు. కడుపులో భయమే కలిగినది. సాయంకాలము మఱి నలుగురు పిల్లలను పాఠమునకు చేర్చుకొని, అమ్మాయి రుసుమును రెండు విడతలుగా కట్టుటకు అనుమతి తెచ్చుకొంటిమి. తంబురా మూలనే యున్నది. గతమాసము శ్రుతిపెట్టెను అంతగా పొగడుటకు కారణము దానిమీది ప్రేమ మాత్రమే కాదని మీ కిప్పుడు తెలిసియుండును.

ఈ కథ ఇచటితో ముగిసినచో మేము కొంత కోపముతోనే కలము క్రింద పెట్టియుందుము. కాని గడచిన శుక్రవారము పాఠము చెప్పి బస్సులో వచ్చుచుండగా, ముందు వరుసలో ఒక చిన్నది యేడ్చుచున్న బిడ్డను భుజముమీద వేసికొని మెల్లగా పాడుచుండెను. అది మా జోల. మట్టు ఇంచుమించు మేము కట్టినదే. రెండవ చరణమున మాత్రము ఒక మాట మాఱియుండెను. బిడ్డ నిద్రపోయిన పిమ్మట "పాట బాగుందమ్మా, ఎక్కడ నేర్చుకున్నావు?" అని యడిగితిమి.

"మా అత్తగారు పాడేవారండీ. పాతకాలం పాట" అన్నది.

మా నోట మాట రాలేదు. మేము బ్రదికియుండగనే మా పాట పాతకాలపుదైనది! "ఇది మేము కట్టినది" అను మాట నాలుక చివఱ నిలిచినది. నిలిచి, వెనుకకు పోయినది. సంస్థవారిముందు రెండు పంక్తులకై పట్టుపట్టిన మాకు ఆ బస్సులో పేరు చెప్పుకొనబుద్ధి పుట్టలేదు. వారు పాటను అమ్ముటకు అడిగిరి. ఈమె బిడ్డను నిద్రపుచ్చుటకు పాడినది. ఇంతకు మించి మాకు కారణము తోచలేదు.

ఇంకొకటి చెప్పక తీరదు. ఆమె మార్చిన మాట మా మాట కంటె మేలైనది. మేము "చందమామ" అన్నచోట ఆమె "మేనమామ" అన్నది. ఆ యొక్క మాటతో ఆకాశమున నున్నవాడు ఇంటిలోనికి వచ్చెను. ఆమె మార్చినదో, అత్తగారు మార్చినదో, నడుమ ఏ తల్లి మార్చినదో తెలియదు. ఇంటికి వచ్చి, పాత పుస్తకము తీసి, ఆ చరణమును దిద్దితిమి. ప్రక్కన తేదీ వేసి "బస్సులోని తల్లి మాట" అని వ్రాసితిమి. పేరు అడుగ మఱచిన లోపము మాదే.

సోదరీమణులారా! మీ యిండ్లలో పెద్దవారు పాడు పాటలుండును. ఈ నెల ఒక్కటియైనను వ్రాసికొని, ఎవరినుండి నేర్చిరో అడిగి, ఆ పేరును క్రింద వ్రాయుడు. మేమును మా అత్తగారిని కూర్చుండబెట్టి అదే పని మొదలుపెట్టుచున్నాము. ఆమెకు మొదటి పాటలో రెండు చరణములు జ్ఞాపకము వచ్చినవి. మూడవదాని కొఱకు ఆమె యింకను వత్తులు చేయుచు ఆలోచించుచున్నారు.