డాక్టర్ బాబుకి టెస్ట్ ఎవరు రాస్తారు?

"డాక్టరై ఉండి డీఎన్ఏ టెస్ట్ అనేది ఒకటుందని తెలీదా వీడికి?"

ఈ మాట మీ ఇంట్లో ఒక్కసారి కూడా వినపడలేదంటే, మీ ఇంట్లో టీవీ అయినా లేదు, ఆ ఆరేళ్లూ మీరు హాస్టల్లో అయినా ఉన్నారు. "కార్తీక దీపం" స్టార్ మాలో 2017 అక్టోబర్ 16న మొదలై 2023 జనవరి 23న అయిపోయింది. 1569 ఎపిసోడ్లు. అందులో ఎక్కువ భాగం పై ప్రశ్న చుట్టూనే తిరిగిందని చెప్తే అబద్ధమేం కాదు.

హాస్టల్ బ్యాచ్ కోసం కథ రెండు ముక్కల్లో. నల్లగా ఉన్న దీపని ఇష్టపడి పెళ్లి చేసుకుంటాడు డాక్టర్ కార్తీక్. వాళ్లమ్మ సౌందర్యకి నలుపంటే పడదు. కార్తీక్ మీద కన్నేసిన ఇంకో డాక్టర్ మోనిత, అతనికి పిల్లలు పుట్టరని దొంగ రిపోర్ట్‌తో నమ్మిస్తుంది. అలాంటి టైమ్‌లో దీప నెల తప్పుతుంది. అనుమానం. దీప ఇల్లు వదిలేస్తుంది. కవలలు పుడతారు. ఒక పాపని, హిమని, సౌందర్య తల్లికి తెలియకుండా తీసుకెళ్లి, ఎవరూ లేని పిల్లని చెప్పి కొడుకు చేతిలో పెడుతుంది. రెండో పాప శౌర్యని దీప వంటలు చేసుకుంటూ పెంచుతుంది. అలా ఆమె వంటలక్క అయింది, ఆయన డాక్టర్ బాబు అయ్యాడు. మిగతాదంతా మీమ్స్‌లో చూసే ఉంటారు.

నాకు సీరియల్ కంటే దాని మీద మా ఇంట్లో జరిగే చర్చ ఎక్కువ ఇష్టం. ఏడున్నరకి సీరియల్, ఎనిమిదికి వంటింట్లో విశ్లేషణ, మర్నాడు పొద్దున ఫోన్లో అమ్మ, పెద్దమ్మ రెండో రౌండ్. ఇందులో కార్తీక్, దీప అనే పేర్లు పెద్దగా వినపడవు. "వాడు", "ఆ పిల్ల", "ఆ ముండ" (ఇది మోనితకి రిజర్వ్‌డ్), "వాళ్లత్త". కొత్తవాళ్లు వింటే పక్కింటి పంచాయితీ అనుకుంటారు. నిజంగానే ఒకసారి మా తమ్ముడి ఫ్రెండ్ భోజనానికొచ్చి, "ఇంతకీ ఆ అమ్మాయి పుట్టింటికెళ్లిందా ఆంటీ?" అని జాలిగా అడిగాడు.

మన వయసువాళ్లు ఇక్కడే ఒక తీర్పు ఇచ్చేస్తుంటారు, "సీరియల్ నిజమని నమ్మేస్తారు పాపం" అని. నేనైతే ఒప్పుకోను. కథలో చిల్లులు మొదట పట్టేసేది వాళ్లే. ఒకే ఊళ్లో ఉంటూ కవలల మొహాలు చూసి ఒక్కరికీ అనుమానం రాదేంటని మా అమ్మ రెండో నెలలోనే అడిగేసింది. ఇదే కథ మలయాళంలో "కరుత్తముత్తు"గా మొదలైంది, అక్కడా మొదట హీరోయిన్ మన ప్రేమి విశ్వనాథే. తర్వాత తమిళంలో "భారతి కణ్ణమ్మ", మరాఠీలో "రంగ్ మాఝా వేగళా" అయింది. తమిళంలో కణ్ణమ్మ సంచి భుజాన వేసుకుని ఇల్లొదిలి రోజుల తరబడి నడుస్తూనే ఉంటే, దాని మీద మీమ్స్ వేసినవాళ్లు కూడా ఆ సీరియల్ ప్రేక్షకులే. నమ్మేసేవాళ్లు అంత బాగా వెక్కిరించలేరు.

అంతెందుకు, 2022లో దీపని, కార్తీక్‌ని యాక్సిడెంట్‌లో చంపేసి, పిల్లల్ని ఒక్కసారిగా పెద్దవాళ్లని చేసి కొత్త ప్రేమకథ మొదలుపెట్టారు. మా ఇంట్లో సమ్మె. పెద్దమ్మ ఛానెలే మార్చేసింది. మా ఒక్క ఇల్లే కాదు, రేటింగ్ కూడా పడిపోయింది. కొన్ని నెలలకి చచ్చిపోయినవాళ్లిద్దరూ బతికొచ్చారు. రచయిత చంపితే ప్రేక్షకులు బతికించుకున్నారన్నమాట.

సరే, అసలు ప్రశ్న. డీఎన్ఏ.

మా ఇంట్లో పిల్ల బ్యాచ్ మొత్తం డీఎన్ఏ పార్టీ. శౌర్య వెంట్రుకో, లాలాజలమో ల్యాబ్‌కి పంపితే వారంలో కథ క్లోజ్. అమ్మ కూడా మావైపే. మా అమ్మమ్మ మాత్రం ససేమిరా. తెనాలిలో తన పడక కుర్చీలోంచి లేవకుండానే మమ్మల్నందరినీ ఓడించేది. "పరీక్ష ఆ పిల్లకెందుకే? రిపోర్టు ఎవడిది? వాడిది. తప్పు కాయితం ఎవడి పేరు మీదుంది? వాడి పేరు మీద. మరి వాడు వెళ్లి ఇంకోసారి చేయించుకోవాలి గానీ, మధ్యలో చంటిదాని నోట్లో పుల్లలు పెట్టడమేంటి?"

ఆలోచిస్తే ఇది చిన్న తేడా కాదు. కూతురికి డీఎన్ఏ టెస్ట్ అంటే, పైకి పిల్లకే గానీ లోపల తల్లికే పరీక్ష. నిప్పుల్లోంచి నడిపించి "పాస్ అయింది" అని సర్టిఫికెట్ ఇవ్వడం. మొగుడు తనే రెండోసారి టెస్ట్‌కి వెళ్తే పరీక్ష అతనికి. సమస్య ఒక్కటే, ఇంటర్వెల్ తర్వాత బోనులో ఎవరు నిలబడతారన్నదే తేడా. 1569 ఎపిసోడ్లలో నేను విన్న బెస్ట్ పాయింట్ ఇది. చెప్పిందేమో అయిదో తరగతితో ఆపేసిన మనిషి.

విచిత్రమేంటంటే చట్టం కూడా దాదాపు అమ్మమ్మ పార్టీయే. పెళ్లి నిలబడి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే అని 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్ అంటుంది. ఆ టైమ్‌లో ఇద్దరూ కలిసే అవకాశమే లేదని రుజువైతేనే దానికి మినహాయింపు. 2024 జులైలో వచ్చిన కొత్త చట్టంలో అదే 116వ సెక్షన్. భార్య మీద అనుమానంతో బిడ్డకి డీఎన్ఏ చేయించాలని ఒకాయన కోర్టుకెక్కితే, అలా మామూలుగా పరీక్షలు రాయడం కుదరదని, బిడ్డకీ హక్కులుంటాయని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. సీరియల్ అయిపోయిన నెలకి. అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్తే, "ఇప్పటికి తెలిసిందా వాళ్లకి" అంది.

ఇక్కడి నుంచి సరదా తగ్గుతుంది.

మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, పెళ్లయి అప్పటికి ఆరేళ్లు. పిల్లల్లేరు. ఆ ఆరేళ్లలో ఆవిడ చేయించుకోని టెస్ట్ లేదు. స్కానింగులు, థైరాయిడ్, గర్భసంచిలోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే. ఆ ఎక్స్‌రే రోజు ఆటోలో నొప్పికి మెలికలు తిరిగిపోయిందని అమ్మ చెప్తుంటుంది. ఫైలు ఒక చిన్న ట్రంకు పెట్టెంత అయింది. అందులో బాబాయి పేరు మీద ఒక్క కాగితం లేదు. ఎవరూ అడగలేదు. ఎలా అడుగుతారు? అమ్మమ్మ ఆయనకి అత్తగారు. "అల్లుడు గారూ, కాఫీ తీసుకోండి" దాటి ఆవిడ ఆయనతో మాట్లాడింది తక్కువ. పిన్నేమో రెండుసార్లు ఎత్తి, ఆయన మొహం చూసి ఆపేసిందట.

2019 సంక్రాంతి. అందరం తెనాలిలోనే. ఏడున్నరకి హాల్లో పదిమంది. బాబాయి కూడా పేపర్ పట్టుకుని కూర్చున్నాడు, చూడట్లేదన్నట్టు. కార్తీక్ మళ్లీ దీపని ఏదో అన్నాడు. యాడ్ పడింది. అమ్మమ్మ టీవీ వైపే చూస్తూ, "అంత చదువుకున్నాడు, ఒక్క కాయితం పట్టుకుని పెళ్లాన్ని ఇన్నేళ్లు ఏడిపిస్తాడు గానీ, తను వెళ్లి ఒక్కసారి చేయించుకోడు. మగాళ్లకి టెస్టంటే అంత భయమేంటో" అంది.

సబ్బు యాడ్ వస్తోంది. ఎవ్వరూ ఎవ్వరి వైపూ చూడట్లేదు. పిన్ని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

బాబాయి పేపర్ దించకుండానే, "అదంతా సీరియల్ అత్తయ్యా" అన్నాడు.

"అందుకే అంటున్నా బాబూ, సీరియల్ కాబట్టి."

ఈ ఒక్క జవాబు కోసం నేను ఈ కాలమ్ మొత్తం రాయొచ్చు. నిజజీవితంలో అల్లుడితో ఆవిడ ఆ మాట అనే దారి ఏదీ లేదు. అంటే గొడవ, పంతం, పిన్ని మీద ఇంకో బరువు. కార్తీక్ మధ్యలో ఉన్నాడు కాబట్టి అనగలిగింది. ఆయనా విననట్టు వినగలిగాడు. మన అమ్మలు, అత్తలు దీప గురించీ సౌందర్య గురించీ అంతంత సేపు ఎందుకు మాట్లాడుకుంటారని ఎవరైనా అడిగితే నాకు ఆ సబ్బు యాడే గుర్తొస్తుంది. పేరు మార్చి సొంత విషయం మాట్లాడుకోవడానికి అంతకంటే భద్రమైన చోటు ఆ ఇంట్లో ఇంకోటి లేదు.

వేసవిలో బాబాయి విజయవాడ వెళ్లొచ్చాడు. పన్ను చూపించుకోవడానికి అని చెప్పాడు. తోడు మా నాన్న. నాన్న కడుపులో మాట ఆగదు కాబట్టి పన్ను సంగతి మాకు రాత్రికే తెలిసిపోయింది.

ఈ పరీక్ష గురించి, చదివే అబ్బాయిలూ, కాస్త తెలుసుకోండి. సూది లేదు, కోత లేదు. వీర్యం శాంపిల్ ఇవ్వడమే. కొన్ని వందల రూపాయలు. అంతకుముందు కొన్ని రోజులు దూరంగా ఉండమంటారు, అంతే. పిల్లలు పుట్టని జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవాడి వైపు కూడా కారణం ఉంటుందని డాక్టర్లు చెప్తారు. కాబట్టి మొదటి రోజే ఇద్దరికీ రాయాల్సిన టెస్ట్ ఇది. ఇంకో సంగతి, ఒక్క రిపోర్ట్‌తో తీర్పు ఇవ్వరు. గట్టి జ్వరం వచ్చినా, కొన్ని మందులు వాడినా కౌంట్ పడిపోతుంది. కొత్త కణాలు తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది. అందుకే తేడా కనిపిస్తే కొంత గ్యాప్ ఇచ్చి మళ్లీ చేస్తారు. అంటే డాక్టర్ బాబు గుండె డాక్టరే కావచ్చు, ఈ ముక్క తెలియదంటే మాత్రం ఆయనకి డిగ్రీ ఇచ్చిన కాలేజీని చూడాలి.

బాబాయికి రెండుసార్లూ తక్కువే వచ్చింది. తర్వాత ట్రీట్‌మెంట్ ఇద్దరికీ నడిచింది, రెండు సైకిల్స్ ఫెయిలయ్యాయి, డబ్బులూ అయిపోయాయి, ఆపేశారు. సీరియల్‌లోలాగా ఏం జరగలేదు. జరిగింది ఒకటుంది. ఆ ఏడాది ఒక పెళ్లిలో ఎవరో పెద్దావిడ పిన్నిని పట్టుకుని, "ఏమైనా విశేషమా?" అని మొదలుపెట్టింది. పక్క విస్తరి ముందున్న బాబాయి పులిహోర నమిలి మింగి, "ఇబ్బంది నాదండీ" అనేసి చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు. పెరుగన్నం కూడా తినలేదు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ పెద్దావిడ కూడా ఎత్తలేదు.

మా ఇంట్లో ఇంకా తెగని కేసు సౌందర్యది. తల్లికి తెలియకుండా బిడ్డని తీసుకెళ్లడం దొంగతనమే, ఎన్ని కన్నీళ్లు కార్చినా కాకపోదు అని అమ్మ. ఒక్క పిల్లనైనా తండ్రి ఇంట్లో పెరగనిచ్చింది, అదే ఆవిడ తెలివి అని అమ్మమ్మ. నా ఓటు అమ్మకే. మొదట్లో కోడలి రంగు చూసి ఛీ కొట్టిన మనిషి తర్వాత దీపకి కొండంత అండగా నిలిచిందని కెరీర్ మొత్తం మాఫీ చేసేస్తారు జనం, నాకది మింగుడుపడదు. (నలుపు మీద ఇంత కథ చెప్తూ హీరోయిన్‌కి నల్ల మేకప్ వేయడం కూడా.)

2020 లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగిపోయి పాత ఎపిసోడ్లే మళ్లీ వేశారు కదా. అప్పుడు పిన్ని వాళ్లు తెనాలిలోనే ఇరుక్కుపోయారు. సౌందర్య కేసు మళ్లీ మొదలైంది. ఎప్పుడూ ఈ చర్చల్లో నోరు విప్పని పిన్ని బఠాణీలు ఒలుస్తూ, "మీరిద్దరూ ఆవిడ గురించే కొట్టుకుంటారు. వాణ్ని చూడండి" అంది. "హిమ ఎవరి బిడ్డో తెలీదనుకునే కదా పెంచాడు? కన్నతండ్రి ఎవరని అడిగాడా? టెస్ట్ అడిగాడా? ప్రాణంగా పెంచుకున్నాడు. ఎవరి పిల్లనో పెంచడం వాడికి కష్టం కాలేదు. పెళ్లాం మీద అనుమానమే వాడి రోగం."

అమ్మ, అమ్మమ్మ ఇద్దరూ ఆగిపోయారు. నిజమే. మూడేళ్లుగా చూస్తూ ఆ పాయింట్ ఎవరికీ తట్టలేదు. శౌర్య ముందు అంత కరుకుగా ఉండే మనిషి, అనాథ అనుకున్న పిల్లకి మాత్రం మంచి నాన్న.

పిన్ని బఠాణీల వైపే చూస్తూ, "అలా పెంచేవాళ్లు ఉంటారుగా" అంది.

ఈసారి టీవీ సౌండ్ తగ్గించింది బాబాయి. ఏమీ అనలేదు. దత్తతకి ఆన్‌లైన్‌లో ఎలా అప్లై చేయాలో ఫోన్లో వెతికి పెట్టమని వారం తర్వాత నన్నే అడిగాడు. పేపర్లు, ఇంటికొచ్చి చూసి వెళ్లడాలు, మధ్యలో కరోనా, ఇద్దరి ఉద్యోగాల గొడవ, అన్నీ అయ్యి రిజిస్ట్రేషన్ పూర్తయ్యేసరికి చాలా ఆలస్యమైంది. కేంద్ర దత్తత సంస్థ కారా జాబితాలో పిల్లల కంటే ఎదురుచూసే అమ్మానాన్నలే ఎన్నో రెట్లు ఎక్కువ, ఏళ్లు పడుతుంది. వీళ్ల వంతు ఇంకా రాలేదు. దరఖాస్తులో ఆడపిల్లా మగపిల్లవాడా అని అడిగిన చోట ఎవరైనా ఫర్వాలేదని పెట్టారు. పేరు మాత్రం పిన్ని ముందే అనుకుని పెట్టుకుంది, ఎవరికీ చెప్పట్లేదు. హిమ అయితే మాత్రం ఒప్పుకునేది లేదని అమ్మమ్మ ఇప్పట్నుంచే గొడవ.